ఉమ్మి పంపితే వచ్చిన జవాబు: ఈటింగ్ డిజార్డర్ల జన్యు పరీక్షపై సమీక్ష

మా చెల్లెలి నివేదికలో ఆరో పేజీలో అర్ధచంద్రాకారపు మీటరు బొమ్మ ఒకటి ఉంది. దాని ఎడమ చివర ఆకుపచ్చ, నడుమ పసుపు, కుడి చివర ఎరుపు. ముల్లు పసుపు రంగు మధ్యలో ఆగింది. కింద “అనొరెక్సియా నెర్వోసా: మీ జన్యుపరమైన ముప్పు సగటు స్థాయిలో ఉంది” అని రాసి ఉంది. అనొరెక్సియా అంటే బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసి చిక్కిపోయే జబ్బు. పదిహేనో ఏట ఆ జబ్బుతోనే ఆస్పత్రిలో చేరి, తన గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో పక్కనున్న యంత్రం మీద చూసుకుంటూ వారాల తరబడి పడుకున్న మనిషికి వచ్చిన నివేదిక అది. అదే రోజు నాకు వచ్చిన నివేదికలో ముల్లు ఎరుపులోకి వెళ్లింది. నేను జీవితంలో ఒక్క పూట కూడా తిండికి భయపడిన దాన్ని కాను. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసిన మా చెల్లెలు, “అక్కా, మనిద్దరి గొట్టాలూ తారుమారయ్యాయేమో” అని నవ్వింది. తారుమారు కాలేదు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది, ఎందుకు కాలేదో కూడా తెలిసింది. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే.

ఇంటికి పంపిన గొట్టంలో ఉమ్మి నింపి తిరిగి పంపితే, ఈటింగ్ డిజార్డర్లు (తిండితో ముడిపడిన ఇలాంటి జబ్బులు) వచ్చే అవకాశం మన జన్యువులలో ఎంత ఉందో చెబుతామనే సేవ ఇది. ఇలాంటివి ఇప్పుడు అనేకం ఉన్నాయి, వాటి నివేదికల అమరిక కూడా చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. అందుచేత సంస్థ పేరు రాయడం లేదు. మేము దీన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మా అమ్మాయికి పన్నెండో ఏడు వస్తోంది, పిన్నికి వచ్చిన జబ్బు తనకూ వస్తుందేమోనన్న దిగులు నాకుంది. రెండో కారణం మా అమ్మ. చెల్లెలు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఒక వైద్యుడు అమ్మను పక్కకు పిలిచి, పెంపకంలో ఎక్కడో తేడా జరిగి ఉంటుందని అన్నాడు. ఇరవై ఏళ్లు గడిచినా అమ్మ ఆ మాటను దించుకోలేకపోయింది. జన్యువులదే తప్పని ఒక కాగితం మీద అచ్చులో కనిపిస్తే ఆమెకు ఊరట కలుగుతుందని నేను అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, జవాబు ముందే రాసిపెట్టుకుని పరీక్షకు వెళ్లినట్టయింది.

నమూనా సేకరణ వరకు ఈ సేవకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. గొట్టం మీద గీత స్పష్టంగా ఉంది, మూత బిగించగానే అందులోని ద్రవం ఉమ్మితో కలిసి నమూనాను చెడకుండా ఉంచుతుంది, బార్‌కోడును ఫోనుతో నమోదు చేసుకోవడం రెండు నిమిషాల పని. పద్దెనిమిదేళ్లు నిండని వారి నమూనాలను తీసుకోబోమని వారు కచ్చితంగా చెప్పడం నాకు నచ్చింది. మా అమ్మాయి పేరుతో ఇంకో గొట్టం కావాలని అడిగితే మర్యాదగా నిరాకరించారు. నచ్చనివి రెండున్నాయి. అంగీకార పత్రంలో “నా సమాచారాన్ని పరిశోధనకు వాడుకోవచ్చు” అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది. వద్దనుకుంటే మనమే వెతికి తీసేయాలి. రెండోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. సూచనల కార్డు మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో “అరగంట పాటు ఏమీ తినవద్దు” అని ఉంది. అందరికీ అది మామూలు మాటే. ఈ జబ్బు నుంచి బయటపడిన వాళ్లకు మాత్రం, తినవద్దని ఎవరైనా ఆజ్ఞాపిస్తే లోపల ఒక పాత గొంతు సంతోషించే ప్రమాదం ఉంటుంది. ఆ కార్డును మా చెల్లెలు రెండు వేళ్లతో పట్టుకుని బోర్లా పెట్టేసింది. “భోజనం చేసిన అరగంటకు నమూనా ఇవ్వండి” అని రాసినా పని జరిగేదే కదా.

ఆరు వారాలకు నివేదిక వచ్చింది. ముద్రణ అందంగా ఉంది, భాష సులువుగా ఉంది. తొలి పేజీ పైన పెద్ద అక్షరాలతో “అనొరెక్సియా 50 నుంచి 60 శాతం వంశపారంపర్యం” అని వేశారు. ఆ అంకె అబద్ధం కాదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలనూ వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలలనూ పోల్చి చూసిన అధ్యయనాలు దాదాపు ఆ అంచనానే ఇచ్చాయి. అతిగా తిని వాంతి చేసుకోవడం వంటివి చేసే బులీమియాకూ, అదుపు లేకుండా అతిగా తినే బింజ్ ఈటింగ్ డిజార్డర్‌కూ కూడా వారసత్వపు పాలు గణనీయంగానే కనిపించింది. అయితే ఆ మాటకు అర్థం మా చెల్లెలి జబ్బులో అరవై పాళ్లు జన్యువుల నుంచి, నలభై పాళ్లు ఇంటి నుంచి వచ్చాయని కాదు. ఒక జనాభాలో, ఒక కాలంలో, మనుషుల మధ్య కనిపించే తేడాలలో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో మాత్రమే అది చెబుతుంది. ఒక గదిలో అందరికీ ఒకే వెలుతురు ఇచ్చి పుస్తకం చదివిస్తే, బాగా చదవగలిగినవారికీ చదవలేనివారికీ మధ్య తేడా అంతా కళ్లలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. సగం మందిని మసక చీకట్లో కూర్చోబెడితే ఆ లెక్క మారిపోతుంది, ఎవరి కళ్లూ మారకపోయినా సరే.

ఆ లెక్క వయసుతోనూ మారుతుంది. అమెరికాలో ఆడపిల్లలైన కవలలపై జరిపిన అధ్యయనాలలో, యుక్తవయసు రాకముందు తిండి, బరువు గురించిన ఆందోళనల్లో జన్యువుల పాత్ర దాదాపు శూన్యంగా కనిపించింది. యుక్తవయసు వచ్చాక అది సగం దాకా పెరిగింది. ఆ దశలో విడుదలయ్యే హార్మోన్లు అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న జన్యు ప్రభావాలను మేల్కొలుపుతాయని పరిశోధకులు భావిస్తున్నారు. పన్నెండేళ్ల పిల్ల తల్లిగా నాకు ఈ నివేదికలో అన్నిటికంటే అక్కరకొచ్చే సమాచారం ఇదే అయ్యేది. ఇది అందులో ఎక్కడా లేదు.

ఇక మీటరు సంగతి. దాని వెనకనున్న లెక్కకు ఆధారం 2019లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం. 17 దేశాల నుంచి అనొరెక్సియా బారిన పడిన 16,992 మంది జన్యుక్రమాలను, ఆ జబ్బు లేని 55,525 మంది జన్యుక్రమాలతో పోల్చి, జన్యుక్రమంలో జబ్బుతో సంబంధమున్న ఎనిమిది చోట్లను అందులో గుర్తించారు. అంతకు రెండేళ్ల ముందు జరిగిన చిన్న అధ్యయనంలో దొరికింది ఒక్క చోటే, అది 12వ క్రోమోజోము మీద ఉంది. అంటే “అనొరెక్సియా జన్యువు” అనేదేదీ లేదు; ఒక్కొక్కటీ ఆవగింజంత ప్రభావం చూపే జన్యు భేదాలు వందలో వేలో ఉన్నాయి. 2019 అధ్యయనంలో పరిశీలించిన సాధారణ జన్యు భేదాలన్నిటినీ కలిపినా మనుషుల మధ్య తేడాలలో అవి వివరించగలిగింది 11 నుంచి 17 శాతమే. కవలల అధ్యయనాలు చెప్పే యాభై, అరవైకీ దీనికీ మధ్య ఉన్న అగాధం పూడలేదు. ఈ సంస్థ చేసిన పనేమిటంటే, పైన 50 నుంచి 60 అన్న అంకె వేసి, ఆ కిందే మీటరు పెట్టింది. చదివేవారు ఆ రెండింటినీ సహజంగానే కలిపేసుకుంటారు. ముల్లును కదిలించింది రెండో లెక్క, దానికి బరువునిచ్చింది మొదటి లెక్క. నేనైతే దీన్ని పొరపాటు అనడానికి సిద్ధంగా లేను.

పైగా ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు యూరప్ సంతతి వారు. ఒక సంతతి మీద కట్టిన జన్యు స్కోరును, అంటే ఆ చిన్న భేదాలన్నిటినీ కలిపి వేసే ముప్పు లెక్కను, మరో సంతతికి వర్తింపజేస్తే దాని కచ్చితత్వం బాగా పడిపోతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయమే. నివేదికలో ఆ హెచ్చరిక ఉంది. ఇరవై రెండో పేజీలో, భూతద్దం ఉంటే చదవవచ్చు.

“దగ్గరి బంధువులకు 11 రెట్లు ముప్పు” అన్న వాక్యం కూడా నన్ను ఒక రాత్రి నిద్రపోనివ్వలేదు. అనొరెక్సియా ఉన్నవారి తల్లులు, అక్కచెల్లెళ్లు, కూతుళ్లలో ఆ జబ్బు ఇతరుల కంటే సుమారు పదకొండు రెట్లు ఎక్కువగా కనిపించిందన్నది 2000లో వచ్చిన ఒక కుటుంబ అధ్యయనపు ఫలితం. అది నిజమే. కానీ స్త్రీలలో జీవితకాలంలో ఈ జబ్బు వచ్చేది నూటికి ఒకరి దరిదాపుల్లోనే. అంత చిన్న అంకెను పదకొండుతో హెచ్చవేసినా, బంధువులలో అత్యధికులకు జబ్బు రాదు. రెట్లు చెప్పి మూలాంకె చెప్పకపోవడం భయాన్ని అమ్మే పద్ధతి.

నివేదికలో నిజంగా విలువైన భాగం తొమ్మిదో పేజీలో ఉంది, దానికి మాత్రం పూర్తి మార్కులు వేస్తాను. 2019 అధ్యయనంలో అనొరెక్సియాతో జన్యుపరమైన చుట్టరికం కనిపించినవి మానసిక రుగ్మతలు మాత్రమే కావు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ (ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే జబ్బు), డిప్రెషన్, ఆందోళన, స్కిజోఫ్రీనియాలతో సంబంధం కనిపించినట్టే, శరీరంలో కొవ్వు తక్కువగా ఉండటం, ఇన్సులిన్ పనితీరు, రక్తంలోని కొవ్వుల తీరు వంటి జీవక్రియల లక్షణాలతోనూ సంబంధం కనిపించింది. అందుకే ఆ అధ్యయనానికి నేతృత్వం వహించిన వారిలో ఒకరైన సింథియా బ్యూలిక్, ఆమె సహచరులు ఈ జబ్బును మనసుకూ జీవక్రియకూ రెండింటికీ చెందినదిగా చూడాలని ప్రతిపాదించారు. బరువు తగ్గితే చాలామంది శరీరం తిండి కోసం అల్లాడి తిరిగి బరువు పెంచుకోవాలని చూస్తుంది. కొందరి శరీరం అలా ఎందుకు చేయదో, ఆస్పత్రిలో పెరిగిన బరువు ఇంటికి రాగానే ఎందుకు జారిపోతుందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి.

చురుగ్గా కదులుతూ ఉండే స్వభావంతోనూ జన్యు సంబంధం ఉందన్న వాక్యం దగ్గర మా చెల్లెలు ఆగిపోయింది. వార్డులో ఉన్నప్పుడు తను కుర్చీలో కూర్చోలేకపోయేది. మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉండేది, తిరగవద్దంటే నిలబడి మడమలు ఎత్తి దించుతూ ఉండేది. దాన్ని అందరూ మొండితనమనే అన్నారు. నేనూ అన్నాను. ఆ వాక్యాన్ని తను రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా పేజీ తిప్పింది. ఈ సేవకు పెట్టిన డబ్బులో కొంత ఆ నిమిషానికే చెల్లిపోయిందని నా లెక్క.

ఆ మంచి పేరును తర్వాతి పేజీలే పోగొట్టుకున్నాయి. మెదడులో సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనానికి చెందిన గ్రాహక జన్యువులో మీకు ఫలానా రకం ఉంది, కాబట్టి మీరు ఆందోళనతో తింటారు అన్న తరహా జోస్యాలు ఆరు పేజీలున్నాయి. 1990లలో కొద్దిమంది రోగులతో, ముందే అనుమానించిన ఒక్కో జన్యువును పట్టుకుని చేసిన ఇలాంటి అధ్యయనాల ఫలితాలు తర్వాత పెద్ద సంఖ్యలో పరీక్షించినప్పుడు చాలావరకు నిలబడలేదు. ఎఫ్‌టీఓ జన్యువు శరీర బరువుతో ముడిపడి ఉందని 2007లో తేలిన మాట వాస్తవం, అయితే దాన్ని బట్టి ఒక మనిషి తినే తీరును చెప్పడం చేతిరేఖలు చూసి చెప్పడం కంటే మెరుగేమీ కాదు.

అన్నిటికంటే ఘోరం చివరి పేజీ. అక్కడ “మీ జన్యువులకు తగిన బరువు నియంత్రణ ప్రణాళిక” అని ఒక బటను ఉంది. ఈటింగ్ డిజార్డర్ ముప్పు ఎక్కువని నాకు ఎరుపు ముల్లు చూపించిన నివేదికే, అదే గుక్కలో నన్ను డైటింగుకు పిలిచింది. జన్యుపరంగా సిద్ధంగా ఉన్న శరీరంలో ఈ జబ్బుకు తలుపు తెరిచేవాటిలో తిండి తగ్గించడం ముఖ్యమైనది. ఆకలే మనసును ఎంతగా మార్చగలదో 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త జరిపిన ప్రయోగం చూపింది. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలల పాటు సగం తిండితో గడిపారు. వాళ్లలో బరువు గురించి దిగులుపడ్డవారు ఎవరూ లేరు, అద్దం ముందు నిలబడ్డవారూ లేరు. అయినా నెలలు గడిచేకొద్దీ వారికి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది; పళ్లెం ముందు గంటల తరబడి కూర్చున్నారు, కొందరు వంటల పుస్తకాలు పోగుచేశారు, స్నేహితుల నుంచి ముడుచుకుపోయారు.

మా చెల్లెలు జబ్బుగా ఉన్న ఏడాదిలో మూడు నోటు పుస్తకాల నిండా వంటల తయారీ విధానాలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. వాటిలో ఒక్కటీ తను తినలేదు. దాన్ని తన స్వభావంలోని వింతగా ఇన్నాళ్లూ అనుకున్నాం. జబ్బు లక్షణాలలో ఏవి రోగానివి, ఏవి ఆకలివి అని విడదీసి చెప్పే ఒక్క పేరా ఈ నివేదికలో ఉండి ఉంటే, మీటరు లేకపోయినా నేను సంతోషించేదాన్ని.

పరిసరాల పాత్రకు నివేదిక కేటాయించింది అర పేజీ. “సమాజం, మీడియా, ఒత్తిడి” అని మూడు మాటలు రాసి వదిలేశారు. ఫిజీ దీవులలోని నద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. ఆ వెంటనే ఒకసారి, మూడేళ్లకు మరోసారి ఆన్ బెకర్ అనే పరిశోధకురాలి బృందం అక్కడి పాఠశాల బాలికలను ప్రశ్నించింది. తిండి పట్ల ఆందోళనకరమైన ధోరణి చూపినవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. మూడేళ్లలో అక్కడివారి జన్యువులు మారలేదు. అయితే, అదే టెలివిజన్ చూసిన వాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాలేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. ఈ రెండు సంగతులనూ కలిపి చూడగలిగితేనే విషయం సగం అర్థమైనట్టు. శరీరాన్ని ఎగతాళి చేసే మాటలు, బరువును బట్టి స్థానం దక్కే క్రీడలు, చిన్ననాటి గాయాలు, ప్రతి పనీ లోపం లేకుండా చేయాలనే తత్వం, ఇవన్నీ ముప్పును పెంచేవే. వాటిలో చివరిది జన్యువుల ఖాతాలో వేయాలా పరిసరాల ఖాతాలో వేయాలా అని అడిగితే గీత ఎక్కడ గీయాలో తెలియదు. అలాంటి పిల్ల తన తత్వానికి తగ్గ పోటీలను తనే వెతుక్కుంటుంది. మగపిల్లలకూ ఈ జబ్బులు వస్తాయన్న మాట నివేదిక మొత్తంలో ఒక్కచోట కూడా కనిపించలేదు.

సేవలో చివరి అంశం జెనెటిక్ కౌన్సెలర్‌తో, అంటే జన్యు ఫలితాల అర్థం వివరించి సలహా ఇచ్చే నిపుణురాలితో, నలభై అయిదు నిమిషాల వీడియో సంభాషణ. మీటరు చూశాక దాన్ని వదిలేద్దామనుకున్నాను. వదలకపోవడం మంచిదైంది. ఆమె మా నివేదికలను తెరవకముందే ఒక తెల్ల కాగితం మీద జాడీ బొమ్మ గీసింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జెహానిన్ ఆస్టిన్ మానసిక రుగ్మతల జన్యు కౌన్సెలింగ్‌లో ప్రచారంలోకి తెచ్చిన బొమ్మ అది. జాడీలో అడుగున ఉన్నవి పుట్టుకతో వచ్చిన జన్యు ముప్పులు, వాటిని తీయలేం. పైన వచ్చి చేరేవి జీవితం తెచ్చే ముప్పులు. జాడీ నిండి పొర్లితే జబ్బు. కానీ జాడీ మూతి దగ్గర వలయాలు పేర్చి దాని ఎత్తు పెంచవచ్చు. నిద్ర, వేళకు తిండి, మనసు విప్పి మాట్లాడే మనుషులు ఆ వలయాలు. నా జాడీలో అడుగున ఎక్కువే ఉండి ఉండవచ్చనీ అది ఎన్నడూ నిండలేదనీ, చెల్లెలి జాడీ అడుగున సగటుగా ఉన్నా ఒకే ఏడాదిలో పైనుంచి చాలా పడి ఉండవచ్చనీ, పైగా ఆ అడుగు భాగాన్ని కొలిచే గరిటె ఇంకా చాలా మొరటుదనీ ఆమె చెప్పింది. గొట్టాలు తారుమారు కాలేదని మాకు అర్థమైంది అప్పుడే.

అమ్మ పక్కనే కూర్చుని అంతా వింది. చివరికి, “మరి నా పెంపకం సంగతేమిటమ్మా?” అని అడిగింది. కౌన్సెలర్ జన్యువులను అడ్డం పెట్టుకుని సమాధానం దాటవేయలేదు. కుటుంబాలే ఈ జబ్బును పుట్టిస్తాయనడానికి ఆధారం లేదని, ఆ నమ్మకం మాత్రం చాలా పాతదని చెప్పింది. ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టిన బ్రిటిష్ వైద్యుడు విలియం గల్ కూడా 1874లో, రోగిని చూసుకోవడానికి బంధువులంత పనికిరానివారు లేరనే రాశాడట. వంద సంవత్సరాల తర్వాత లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ ఆధారిత చికిత్స దీన్ని తలకిందులు చేసింది: కారణం ఎవరన్న విచారణ పక్కన పెట్టి, పిల్లకు తినిపించే బాధ్యతను తల్లిదండ్రుల చేతికే ఇచ్చింది, అనొరెక్సియా ఉన్న కౌమార వయస్కులకు ఇప్పుడు మొదట సూచించే చికిత్సలలో అది ఒకటి. “మీరు ఆమెకు ముద్ద కలిపి పెట్టి, తినేదాకా పక్కన కూర్చున్నారా?” అని కౌన్సెలర్ అమ్మను అడిగింది. “రోజూ ఆరుసార్లు,” అంది అమ్మ. “అదే ఆ చికిత్స,” అంది ఆమె.

మా అమ్మాయి గురించి ఆమె చెప్పినవన్నీ జన్యు పరీక్షతో పని లేనివే. ఎదుగుదల చార్టులో పిల్ల తన గీత నుంచి కిందికి జారుతోందా, అందరితో కలిసి తినడం తప్పించుకుంటోందా, తిండికి ఉన్నట్టుండి నియమాలు పెట్టుకుంటోందా, ఒంట్లో బాగా లేకపోయినా వ్యాయామం మానలేకపోతోందా అని గమనించాలి. ఇంట్లో ఎవరి శరీరం గురించీ వ్యాఖ్యలు వద్దు. అనుమానం వస్తే బరువు మరీ తగ్గేదాకా ఆగకుండా వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. తొందరగా మొదలైన చికిత్సే ఎక్కువ ఫలిస్తుంది. మీటరు ఏ రంగులో ఆగినా ఈ సలహా మారదని ఆమే చెప్పింది. ఆ మాట నివేదిక మొదటి పేజీలో ఉంటే ఎవరూ గొట్టాలు కొనరేమో.

అయిదుకు మార్కులు వేయమంటే నమూనా సేకరణకు నాలుగు, నివేదికకు ఒకటిన్నర, సంభాషణకు అయిదు ఇస్తాను. ఇంట్లో ఈ జబ్బు చరిత్ర ఉండి భయపడుతున్నవారు పరీక్ష జోలికి పోకుండా నేరుగా జెనెటిక్ కౌన్సెలర్‌తోనో, ఈ జబ్బులు చూసే వైద్యులతోనో మాట్లాడటం మంచిది. ప్రస్తుతం చికిత్సలో ఉన్నవారు ఈ నివేదికను, ముఖ్యంగా దాని చివరి పేజీని తెరవవద్దని గట్టిగా చెబుతాను. సంభాషణ ఒక్కటే విడిగా ఇస్తారా అని సంస్థను అడిగాను. పరీక్షతో పాటే తీసుకోవాలన్నారు.

నా నమూనాను నాశనం చేసి, సమాచారాన్ని తొలగించమని కోరాను. రెండుసార్లు గుర్తు చేశాక ధ్రువీకరణ వచ్చింది. చెల్లెలు కూడా తన అంగీకార పత్రాన్ని మళ్లీ తెరిపించుకుంది. పరిశోధన గడిలో వాళ్లు పెట్టిన టిక్కును ముందు తీసేసింది. ఆ షరతులన్నీ కూర్చుని చివరిదాకా చదివి, అప్పుడు తన చేత్తో మళ్లీ పెట్టింది.